గుహల్లోని పాత బొమ్మలకు ఫోటోలు చాలవా, త్రీడీ స్కానింగ్ చేయించాలా?

మీ ఊరి కొండ గుహలో ఆదిమానవులు వేసిన ఎర్రటి బొమ్మలు ఉన్నాయి, మంచి ఫోటోలు తీసి దాచుకుంటే సరిపోదా, లేజర్ స్కానర్ తెప్పించాలా అని అడిగారు. స్కానర్ తర్వాత సంగతి. కానీ మామూలు ఫోటోలతో ఆగిపోకండి.

నేను బెంగళూరులో స్కానింగ్ పనే చేస్తాను, ఎక్కువగా పీణ్య ఫ్యాక్టరీల్లో. సెలవు దొరికితే స్నేహితులతో బళ్లారి దగ్గరి సంగనకల్లు, కప్పగల్లు కొండలకు వెళ్తాను. అక్కడి బండల మీద కొత్తరాతి యుగం వాళ్లు కొట్టిన ఎద్దుల బొమ్మలున్నాయి. నడిమధ్యాహ్నం ఎదురుగా నిలబడి ఫోటో తీస్తే కొన్ని కనబడనే కనబడవు. అదే బండకు కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ చేసి, రంగు తీసేసి, వెలుగును పక్కనుంచి ఏటవాలుగా వేస్తే లోతుగా చెక్కిన చోటల్లా కొమ్ములు, మూపురాలు తేలతాయి. మొదటిసారి అలా చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

రంగుతో వేసిన బొమ్మలకు లోతు దేనికంటారా? స్పెయిన్‌లోని ఆల్టమీరాలో గుహ కప్పు మీది ఉబ్బుల్నే అడవిదున్నల ఒళ్లుగా వాడుకున్నారు. ఫోటోలో ఆ ఉబ్బు పోతుంది, దాంతో చిత్రకారుడి ఆలోచనలో సగం పోతుంది. అమెరికాలోని అలబామాలో ఒక గుహ ఉంది. అందులో బొమ్మలున్నాయని 1998లోనే తెలుసు. కప్పు మరీ కిందికి ఉండడంతో వెనక్కి జరిగి మొత్తం చూసే వీలు లేదు. 16,000 ఫోటోలతో మోడల్ కట్టి, అందులో నేలను కిందికి దించి చూస్తే, పెద్ద పెద్ద బొమ్మలు బయటపడ్డాయి, వాటిలో ఒకటి మూడు మీటర్లు దాటింది. ఆ సంగతి 2022లో ప్రచురించారు.

ఇలా చాలా ఫోటోలను కలిపి త్రీడీ మోడల్ కట్టే పద్ధతి పేరే ఫోటోగ్రామెట్రీ, మీకూ అదే చాలు. జూమ్ మార్చకుండా, ట్రైపాడ్ మీద, ఒక్కో ఫోటో ముందుదాన్ని ముప్పాతిక వంతు కప్పేలా తీయండి. నీడలు పడకుండా రెండు వైపులా ఎల్ఈడీ లైట్లు, ఫ్రేములో కొలబద్ద, రంగులు సరిచూసుకునే కలర్ కార్డు ఉండాలి. కెమెరా మార్పులు చేయకుండా దాచే రా ఫైళ్లు ఎప్పటికీ చెరపొద్దు. వెలిసిన ఎరుపును డీస్ట్రెచ్ అనే ప్లగిన్ (ఫోటోల సాఫ్ట్‌వేర్‌కు జోడించుకునే చిన్న ప్రోగ్రామ్) బాగా పైకి తెస్తుంది. చీకటి దారులతో సహా గుహంతా కొలవాలంటే అప్పుడు లేజర్ స్కానర్ కావాలి.

బొమ్మ స్పష్టంగా రావాలని నీళ్లు చల్లడం, సుద్దతో గీతలు దిద్దడం మాత్రం దయచేసి చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. ముందు పురావస్తు శాఖకు రాసి అనుమతి తీసుకోండి. ఫోటోలు సిద్ధమైతే పంపండి, మోడల్ నేను చేసిపెడతాను.