పియానో కావాలంటున్న పాపను ఎంపీసీ మాన్పించాలా?

ప్రశ్న: మాది తిరుపతి. మా పాప తొమ్మిదో తరగతి. నాలుగేళ్లుగా కీబోర్డు నేర్చుకుంటోంది, లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల్లో గ్రేడ్ 4 పాసైంది. పియానో కచేరీలు చేస్తా, మ్యూజిక్ ప్రొఫెసర్ అవుతా అంటోంది. ఇంటర్‌లో ఎంపీసీ వద్దనుకోవాలా? – ఒక తండ్రి

జవాబు: గ్రూపు సంగతి తర్వాత. ముందు ఆ సర్టిఫికెట్ తీసి చూడండి. ట్రినిటీలో ఎలక్ట్రానిక్ కీబోర్డుకు, పియానోకు సిలబస్‌లు వేరువేరు. పాప రాసింది కీబోర్డుదైతే, పియానో ఇంకా మొదలవలేదనే అనుకోవాలి.

ఇళ్లలో కనిపించే కీబోర్డుకు ఎక్కువగా 61 మెట్లుంటాయి, పియానోకు 88. కానీ అసలు తేడా వేలికి తెలుస్తుంది. పియానో మెట్టు నొక్కితే లోపల ఫెల్ట్ చుట్టిన సుత్తి లేచి తీగను కొడుతుంది. ఎంత బలంగా నొక్కితే అంత నాదం. కీబోర్డులో ఎడమచేత్తో కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం) పట్టుకుంటే తాళం మెషీనే వేసేస్తుంది. పియానోలో ఆ ఆసరా లేదు, ఎడమచేయి తన పాట తాను పాడాలి. ఉంగరపు వేలు, చిటికెన వేలు గట్టిపడటానికే ఏళ్లు పడుతుంది. అందుకే 88 వెయిటెడ్ కీస్ (అసలు పియానోలా బరువుగా నొక్కాల్సిన మెట్లు) ఉన్న డిజిటల్ పియానో మీ మొదటి ఖర్చు. రెండోది మంచి గురువు. చెన్నై మనకు దగ్గరే. ఏ.ఆర్.రెహమాన్ 2008లో మొదలుపెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీ అక్కడే ఉంది. ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

ప్రొఫెసర్ మాట కూడా దాచకుండా చెబుతాను. మన ఊళ్లో ఎస్వీ సంగీత నృత్య కళాశాల, పద్మావతి మహిళా వర్సిటీ ఉన్నా అక్కడి చదువు మన సంగీతానిదే. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో సంగీతం పేపరూ హిందుస్థానీ, కర్ణాటక, రవీంద్ర సంగీతం, తాళవాద్యాల చుట్టూనే ఉంటుంది. పియానో ప్రొఫెసర్ కావాలంటే బ్యాచిలర్స్, మాస్టర్స్, ఆపైన డాక్టరేట్ దాకా ఎక్కువగా విదేశాల్లోనే చదవాలి. సీటుకు ఆడిషన్ ఉంటుంది: బాఖ్ ఫ్యూగ్, బీథోవెన్ లాంటివారి సొనాటా, షోపాన్ ఎట్యూడ్ వంటి పాశ్చాత్య శాస్త్రీయ రచనలు స్వరాల కాగితం చూడకుండా వాయించమంటారు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాసంస్థలో 1928 నుంచి ట్యూషన్ ఫీజే లేదు, కానీ సీట్లు అతి కొద్ది. కచేరీల మీదే బతికేవాళ్లు ఎక్కడైనా తక్కువే. చాలామంది పాఠాలు చెబుతూ, పక్కవాయిద్యం వాయిస్తూ కచేరీలు చేస్తారు. పాపకు నేర్పడమంటే ఇష్టమైతే అదే పెద్ద బలం.

ఇక ఎంపీసీ. తీసుకోనివ్వండి, నష్టం లేదు. హాస్టల్లో మాత్రం వేయకండి. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదింటిదాకా సాగే చోట పియానో ముట్టుకునే వీలుండదు. రెండేళ్లు ఆగిన చేయి మళ్లీ దారికి రావడం చాలా కష్టం. డే స్కాలర్‌గా చేర్పించి, సాయంత్రం మూడు గంటలు ఆమెకు వదిలేయండి.