సముద్ర సరీసృపాల పాఠం చెప్పబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి హనుమకొండ నుంచి మామయ్య ఆశీస్సులు.

అభిసారి పరిణామం (దగ్గరి చుట్టరికం లేని జీవులు విడివిడిగా ఒకే రూపానికి చేరడం) పాఠానికి ఎప్పుడో అంతరించిన సముద్ర సరీసృపాలైన ఇక్తియోసార్‌లను ఉదాహరణగా ఎంచుకున్నావని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. డాల్ఫిన్ బొమ్మనూ ఇక్తియోసార్ బొమ్మనూ పక్కపక్కన అతికించి, రెండూ ఒకేలా ఉన్నాయి కదా అని మాత్రం మొదలుపెట్టకు. పోలిక కంటికి వెంటనే ఆనుతుంది, ఆనిన తర్వాత పిల్లలు ఇంకేమీ వెదకరు.

ముందుగా బోర్డు మీద మూడు తోకలు గీయి. సొరచేపలో వెన్నుపూసల వరుస తోకరెక్క పైభాగంలోకి సాగుతుంది; ఇక్తియోసార్‌లో అదే వరుస కిందికి వంగి కింది భాగంలోకి దిగుతుంది; డాల్ఫిన్ తోకరెక్క అడ్డంగా పరచుకొని ఉంటుంది, దాని రెండు పక్కలా ఎముకే ఉండదు. మొదటి రెండూ తోకను పక్కలకు ఆడిస్తే డాల్ఫిన్ పైకీ కిందికీ ఆడిస్తుంది, ఎందుకంటే దాని పూర్వీకులు నేల మీద వెన్నును పైకీ కిందికీ వంచుతూ పరుగెత్తిన క్షీరదాలు. నీటిని చీల్చుకొని వేగంగా పోవడానికి కదురు వంటి ఒళ్లు మూడింటికీ అవసరమైంది, కానీ ఆ ఒంటిని ప్రతి వంశమూ తనకు వారసత్వంగా వచ్చిన ఎముకలతోనే తయారు చేసుకుంది. పాఠమంతా ఈ ఒక్క విషయం చుట్టూ నడవాలి.

తోక ఒంపు గురించి తొందరపడకుండా చెప్పు. బల్లులకూ పాములకూ బంధువులైన మోససార్‌లు ఇక్తియోసార్‌లతో దగ్గరి చుట్టరికం లేకుండానే డైనోసార్ల చివరి కాలమైన క్రెటేషియస్ చివరి భాగంలో అదే ఒంపును సంపాదించుకున్నాయి. జోర్డాన్‌లో దొరికి 2013లో వెలుగులోకి వచ్చిన మోససార్ శిలాజంలో తోకరెక్క మెత్తటి అంచు ముద్ర కూడా నిలిచి ఉంది. వాటికంటే ముందు, జురాసిక్ సముద్రాల్లో తిరిగిన మెట్రియోరింకిడ్‌లనే మొసళ్లు వీపు మీది ఎముక పలకలను పోగొట్టుకొని, కాళ్లను తెడ్లుగా మార్చుకొని, ఇదే తోకకు చేరాయి. ఇన్నిసార్లు విడివిడిగా జరిగింది కాబట్టే దీన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేము. అయితే ఆ జంతువులు చేపల్లా మారాలనుకున్నాయని ఏ పిల్లవాడైనా అంటే అక్కడే ఆపి, తక్కువ శ్రమతో ఈదగలిగినవే ఎక్కువ సంతానాన్ని మిగిల్చాయని చెప్పు.

అంతరించిన మరో రకం సముద్ర సరీసృపాలైన ప్లీసియోసార్‌లను అడిగితే తప్ప ఎత్తకు. నాలుగు తెడ్లతో ఈదిన వాటి దారి వేరు, గంట సమయంలో అది ఇమడదు.

ఇవన్నీ విదేశాల ముచ్చట్లని పిల్లలు అనుకోకుండా గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో, లోడాయ్ దగ్గర దొరికిన, దాదాపు అయిదున్నర మీటర్ల ఇక్తియోసార్ సంగతి చెప్పు. దాన్ని 2017లో శిలాజ శాస్త్రవేత్త గుంటుపల్లి ప్రసాద్ బృందం వర్ణించింది. ఇంకా దగ్గరిది కావాలంటే మన ప్రాణహిత–గోదావరి లోయలోనే ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మాలేరి ఎర్రమట్టి పొరల్లో పారాసూకస్ అనే ఫైటోసార్ (అంతరించిపోయిన ఒక రకం సరీసృపం) శిలాజం దొరికింది. అది సముద్రానిది కాదు, మంచినీటిది. అయినా ఈ పాఠానికి అంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు. పొడవాటి మూతితో అచ్చం మొసలిలా ఉంటుంది గానీ మొసళ్లకు పూర్వీకురాలు కాదు. మంథని దగ్గరి శివారం మొసలికి ముక్కురంధ్రాలు మూతి కొసన ఉంటే, దీనికి కళ్ల ముందర, పుర్రె మీద ఎత్తుగా ఉంటాయి. రెండు పుర్రెల బొమ్మలూ ఇచ్చి, తేడాను పిల్లలనే పట్టుకోనివ్వు.

పరీక్షలో నిర్వచనం అడగవద్దు. పేరు రాయని అస్థిపంజరం బొమ్మ ఒకటి ఇచ్చి, నీటి బతుకు వల్ల వచ్చిన లక్షణాలేవో, వంశం నుంచి వచ్చినవేవో విడదీసి రాయమను. ఇక్తియోసార్‌ను ఇస్తే వెనుక తెడ్లను గీయడం మరిచిపోకు. డాల్ఫిన్‌కు అవి ఉండవు కనుక, శ్రద్ధగా చూసే పిల్లలు మొదట పట్టుకునేది వాటినే.

మీ మామయ్య