పిల్లల నవలలు రాస్తానంటున్న అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మేము డాలస్‌లో స్థిరపడ్డాం. పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ వద్దని, పిల్లల నవలలు రాస్తానని పట్టుబడుతోంది. ఆ పనితో బతుకు గడుస్తుందా?

జవాబు: కేవలం రాతతో, అదీ మొదటి పదేళ్లలో, గడవడం కష్టం. అమెరికాలో గట్టి అట్ట నవలకు రచయితకు సాధారణంగా ముఖవిలువలో 10 శాతం రాయల్టీ దక్కుతుంది. అందులో 15 శాతం, పుస్తకాన్ని ప్రచురణకర్తకు అమ్మిపెట్టే ఏజెంటుకు పోతుంది. 18 డాలర్ల పుస్తకంపై మిగిలేది డాలరున్నర చిల్లర, అంటే 5,000 ప్రతులు అమ్ముడైనా పన్నులకు ముందు 7,650 డాలర్లు. ప్రచురణకర్త ముందుగా ఇచ్చిన అడ్వాన్సు ఈ లెక్కలోనే తీరాలి, తీరాకే కొత్త సొమ్ము చేతికొస్తుంది. కనుక ఆమెను రాయనివ్వాలా వద్దా అన్నదానికన్నా, మొదటి పుస్తకం వచ్చేదాకా ఏ ఉద్యోగం ఆమెను పిల్లల మధ్య ఉంచుతుందన్నదే మీరు ఆలోచించవలసిన విషయం.

ఇందుకు అమెరికన్ పిల్లల నవలా రచయిత్రి బెవర్లీ క్లియరీ జీవితాన్ని మీ అమ్మాయితో కలిసి చదవమంటాను. 1916లో ఆరెగన్ రాష్ట్రంలో పుట్టి, యామ్‌హిల్ దగ్గరి పొలంలో పెరిగిన ఆమె, పోర్ట్‌లాండ్ బడిలో ఒకటో తరగతిలో చదవడం రాక అందరికన్నా వెనుకబడిన పిల్లల జట్టులో కూర్చుంది. తరువాత 1938లో బర్కిలీలో ఇంగ్లీషు డిగ్రీ, మరుసటి ఏడాది వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్స్ డిగ్రీ పూర్తిచేసి, యాకిమా పట్టణంలో పిల్లల లైబ్రేరియన్‌గా చేరింది. అక్కడికి వచ్చే మగపిల్లలు తమలాంటి పిల్లల గురించిన పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగితే, చూపించడానికి ఆమె దగ్గర దాదాపు ఏమీ లేవు. ఏ కోర్సూ నేర్పని పాఠం ఆ ఉద్యోగంలో దొరికిందని నా అభిప్రాయం: పాఠకుడికి ఏది కొరతగా ఉందో ఆమె రాయకముందే తెలుసుకుంది, పిల్లలకు గొంతెత్తి కథలు చెబుతూ వాళ్ల చెవికి ఏది నిలుస్తుందో కూడా గమనించింది.

అయినా వెంటనే రాయలేదు. పెళ్లి, యుద్ధకాలంలో సైనిక ఆసుపత్రి లైబ్రరీలో పని, పుస్తకాల దుకాణంలో కొలువు, ఇలా ఏళ్లు గడిచాయి. బర్కిలీలో కొన్న ఇంటి అల్మరాలో టైపు కాగితాల కట్ట కనిపించినప్పుడు, చెక్కిన పెన్సిళ్లే ఇంట్లో ఉండవని ఆమె సాకు చెబితే, భర్త మర్నాడే పెన్సిల్ చెక్కే మరను తెచ్చిపెట్టాడట. యాకిమా పిల్లలు అడిగినలాంటి కుర్రాడి కథ 'హెన్రీ హగ్గిన్స్' 1950లో వచ్చేనాటికి ఆమెకు 34 ఏళ్లు. అమెరికా బాలసాహిత్యంలో పెద్ద పురస్కారమైన న్యూబరీ పతకం 1984లో, అంటే 68వ ఏట వచ్చింది. 22 ఏళ్లకు డిగ్రీ పట్టా తీసుకున్న మనిషికి ఇన్నేళ్లు పట్టిందన్న సంగతి మీ అమ్మాయికి ఇప్పుడే తెలియడం మంచిది.

ఇక మీ ప్రణాళిక: క్లియరీలాగే పిల్లల లైబ్రేరియన్ ఉద్యోగం. ఇంగ్లీషు, చైల్డ్ డెవలప్‌మెంట్ వంటి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఆ తరువాత అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపున్న లైబ్రరీ సైన్స్ మాస్టర్స్ కోర్సు చేయాలి, ఎందుకంటే ఆ గుర్తింపు లేని పట్టాను చాలా ప్రజా గ్రంథాలయాలు లెక్కలోకి తీసుకోవు. స్కూల్ లైబ్రేరియన్ కావాలంటే అనేక రాష్ట్రాల్లో ప్రత్యేక సర్టిఫికెట్ కూడా అవసరం. బడ్జెట్ కోతల్లో ముందుగా పోయే ఉద్యోగాల్లో ఇదీ ఒకటని దాచను; అందుకే టీచర్ సర్టిఫికెట్ కూడా చేతిలో ఉంటే ధీమాగా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ చదివి సాయంత్రాలు రాసుకోమనడం తప్పేమీ కాదు కానీ, ఆ ఉద్యోగంలో పదేళ్ల పిల్లల మాటలు చెవిన పడవు.

ఈ వేసవిలో మీ ఊరి గ్రంథాలయంలో పిల్లల కథల గంటకు స్వచ్ఛందంగా వెళ్లనివ్వండి. పెద్ద ఖర్చుతో కూడిన రచనా శిబిరాలు తరువాత చూసుకోవచ్చు. మీ పుస్తకం మేమే వేస్తాం, ఇన్ని వేల డాలర్లు కట్టండని ఎవరైనా మెయిల్ పంపితే జవాబివ్వకండి. అసలైన ప్రచురణ ఒప్పందంలో సొమ్ము ప్రచురణకర్త నుంచి రచయితకే వస్తుంది, ఏజెంటు కూడా పుస్తకాన్ని ప్రచురణకర్తకు అమ్మాకే తన వాటా తీసుకుంటాడు.