ఇంటి ముందు ఇసుక కుప్ప చేపల ట్యాంక్‌కి పనికొస్తాదా?

ప్రశ్న: అన్నా, మాది కావలి, డిగ్రీ చదువుతున్నా. రెండడుగుల ట్యాంక్‌లో రంగు గులకరాళ్ళు పోసున్నా, మొన్న కోరీడోరస్ చేపలు తెచ్చినాక చూస్తే వాటి మీసాలు కురచైపోతా ఉండాయి, ఇసుకకి మార్చమంటున్నారు అందరూ. ఇంటి ముందు కట్టుబడికి తోలించిన పెన్న ఇసుక ఉంది, అది పోయొచ్చా? మా ఫ్రెండేమో తుమ్మలపెంట బీచ్ ఇసుకైతే సన్నగా బాగుంటాది అంటాడు.

జవాబు: తమ్ముడూ, పెన్న ఇసుక పోసుకో, బీచ్ ఇసుక జోలికి పోవాకు. ఉప్పంటావా, నాలుగు నీళ్ళు మార్చి కడిగితే పోతాది, కానీ దాంట్లో ఉండే గవ్వల ముక్కలు, ఆలిచిప్పల పొడి ఎంత కడిగినా పోవు, అదంతా సున్నమే గదా, నీళ్ళలో కొద్దికొద్దిగా కరగతా హార్డ్‌నెస్‌నీ (నీళ్ళలో సున్నం లాంటి లవణాల పాలు), పీహెచ్‌నీ (పులుపు, క్షారం చెప్పే కొలత) పైకి లాగతానే ఉంటాది. మన పక్క బోరు నీళ్ళు చాలాచోట్ల ముందే హార్డ్ వాటర్, దానికి తోడు ఇదొకటి ఎందుకు? గప్పీలు, మోలీలైతే తట్టుకుంటాయి, కోరీలు దక్షిణ అమెరికా ఏటి చేపలు, వాటికి అంత పడదు. ఏ ఇసుకైనా అనుమానం ఉంటే ఎండింది ఒక చెంచా గ్లాసులో వేసి మీద వెనిగర్ పొయ్యి, బుసబుసా బుడగలొస్తే దాంట్లో గవ్వలున్నట్టే.

ముందు మీ కుప్ప నిజంగా ఏటి ఇసుకేనా చూడు, ఈ మధ్య చాలామంది రోబో శాండే తోలిస్తున్నారు. అది రాయి పగలగొట్టి చేసేది, అంచులు పదునుగా ఉంటాయి, రాతిపొడి ఎంత కడిగినా పాలు కారినట్టు వస్తానే ఉంటాది, కోరీలకి అస్సలు వద్దు. ఏటి ఇసుక రేణువు నీళ్ళలో దొర్లి దొర్లి గుండ్రంగా అయ్యుంటాది, కోరీలు దాన్ని నోట్లోకి పీల్చి మొప్పల్లోంచి వదిలేస్తా తిండి ఏరుకుంటాయి, వాటికి అదే సుఖం. ఐతే మీసాలు పోయేది రాళ్ళ వల్లే అనుకోవాకు, రాళ్ళ సందుల్లో మిగిలిన తిండి కుళ్ళి బ్యాక్టీరియా పట్టినా పోతాయి, ఇసుక పోసి శుభ్రం చెయ్యకపోతే కథ మళ్ళీ మొదటికే.

వీధిలో ఉన్న కుప్ప మీద కుక్కలు, పిల్లులు ఏం చేస్తాయో నేను చెప్పాలా, పైది తోసేసి లోపల్నించి తీసుకో. జల్లెడ పట్టి, సగం బకెట్ చొప్పున చేత్తో కలియబెట్టి బురదనీళ్ళు వంచేస్తా ఉండు, నీళ్ళు తేటగా వచ్చిందాకా, విసుగు పుడతాది కానీ ఇక్కడ బద్ధకిస్తే ట్యాంక్ మబ్బుగానే ఉంటాది. అడుగు వెడల్పున్న నీ ట్యాంక్‌కి 3 సెంటీమీటర్ల మందం చాలు, అంటే ఎండు ఇసుక 8, 9 కిలోలు.

మార్చే రోజు చేపల్ని పాత నీళ్ళతోనే టబ్బులో పెట్టి గాలి మోటార్ వెయ్యి. రాళ్ళ కింద అండర్‌గ్రావెల్ ఫిల్టర్ ఉంటే తీసెయ్, ఇసుక పోస్తే దాని రంధ్రాలు పూడిపోతాయి, బదులు స్పాంజ్ ఫిల్టర్ పెట్టుకో. ఇసుక మీద ప్లేటు పెట్టి దాని మీద నిదానంగా నీళ్ళు పొయ్యి, మట్టి తేరుకునే దాకా మోటార్ ఫిల్టర్ ఆన్ చేయొద్దు, ఇసుక లోపలికి పోయిందంటే ఇంపెల్లర్, అదే మోటార్ లోపల తిరిగే రెక్క, అరిగిపోద్ది. పాత ఫిల్టర్ స్పాంజ్ ఉంటే ఆ వారం కడగొద్దు, పాత రాళ్ళు కొన్ని వల సంచిలో కట్టి రెండు వారాలు మూలన పడెయ్, మంచి బ్యాక్టీరియా వాటి మీదే ఉంటాది, అన్నీ ఒకేసారి మార్చేస్తే చేపల రెట్ట నుంచి పుట్టే అమ్మోనియా పెరిగి చేపలు పోతాయి.

ప్రశ్న: నమస్తే అండీ, ఒంగోలు నుంచి రాస్తున్నా. మా ట్యాంక్ ఇసుకలో నల్లమచ్చలొచ్చాయి, కదిలిస్తే కుళ్ళిన గుడ్డు వాసన. షాపతను మొత్తం పారేయమన్నాడు.

జవాబు: పారేయక్కర్లేదమ్మా, మీరు మూడు నాలుగు అంగుళాలు పోసుంటారు. అంత లోతుకి ఆక్సిజన్ దిగదు, అక్కడ కుళ్ళిన చెత్త నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాది, ఆ వాసన దానిదే. చేపల్ని తీసి పక్కన పెట్టుకుని ఎక్కువైన ఇసుక తోడేయండి, చేపలుండగా మాత్రం అడుగునుంచి కెలకొద్దు. అంగుళం ఉంచితే చాలు, వాలిస్నేరియా లాంటి మొక్కలు నాటితే రెండంగుళాలు ఉంచుకోండి, వేర్లు లోపలికి కాస్త ఆక్సిజన్ ఇస్తాయి. ఇసుకలో దూరి తిరిగే సన్నటి మొన నత్తలు దొరికితే నాలుగు వదలండి, అవి దున్నుతా ఉంటాయి, తిండి ఎక్కువేస్తే మాత్రం నాలుగు కాస్తా నాలుగొందలౌతాయి!

ప్రశ్న: నెల్లూరు నుంచి. మా బావ చిల్లకూరు నుంచి తెల్ల సిలికా ఇసుక తెస్తానన్నాడు, మంచిదేనా?

జవాబు: మంచిదే, గాజు తయారీకి పోయే ఇసుకది, మనకి అలవాటైన ఇసుకే. క్వార్ట్జ్ (పలుగురాయి) కాబట్టి పీహెచ్ కదిలించదు. తెల్లదాని మీద చేపల రెట్ట కొట్టొచ్చినట్టు కనపడతాది, దానికి ఒప్పుకుంటేనే తెప్పించుకోండి. కొత్తలో గోధుమరంగు పొర పడితే కంగారొద్దు, డయాటమ్స్ అనే సన్నటి నాచు అది, కొన్ని వారాలకి పోతాది. చెత్త పీల్చే సైఫన్ పైపు ఇసుకలో గుచ్చకుండా ఒక అంగుళం పైన తిప్పండి, చెత్త లేస్తాది, ఇసుక అక్కడే ఉంటాది.