భుజం నొప్పి ఏ రోజు మొదలైంది?

ప్రశ్న: హెచ్‌1బీ మీద న్యూజెర్సీలో ఉంటున్నాను. 2024 అక్టోబర్ 12న ఒక ఫార్మసీలో ఫ్లూ టీకా వేయించుకున్నాను. సూది బాగా పైన, భుజం ఎముక దగ్గర గుచ్చారు. ఏడాది దాటినా పాపను ఎత్తుకోలేకపోతున్నాను. 2025 జనవరిలో డాక్టర్‌ను కలిస్తే ‘కొన్ని వారాలుగా నొప్పి’ అని రాశారు. దాన్ని మార్పించి ఫార్మసీపై దావా వేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. వేయొచ్చా?

జవాబు: మీ కేసు నిలిచినా పోయినా ఆ ‘కొన్ని వారాలుగా’ దగ్గరే. మూడు నెలలు బామ్ రాసుకుంటూ కూర్చున్నారు, వెళ్లిన రోజైనా సూది సంగతి చెప్పి తేదీ రాయించుకోలేదు!

ఫార్మసీపై నేరుగా వెళ్లలేరు. వెయ్యి డాలర్లకు మించి అడగాలంటే టీకా గాయాలకు పరిహారమిచ్చే పథకం పెట్టిన 1986 నాటి చట్టం కింద ముందు వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో పిటిషన్ వేయాలి. ప్రతివాది అమెరికా ఆరోగ్య శాఖ. పౌరసత్వం అక్కర్లేదు, సూది వేసినవాళ్ల తప్పు నిరూపించే పనీ లేదు. ఇలాంటి భుజం గాయాన్ని (‘సిర్వా’ అంటారు) 2017లో ఆ చట్టం కింద పరిహారం దక్కే గాయాల పట్టికలో చేర్చారు. ఆ భుజానికి పాత జబ్బు లేకుండా, టీకా వేసిన 48 గంటల్లోపు నొప్పి మొదలై, ఆరు నెలలకు మించి బాధపెట్టి ఉండాలి. మీరు తేల్చాల్సింది ఆ 48 గంటలే.

రికార్డు మార్పించే ఆలోచన ఇక్కడే వదిలేయండి. కంప్యూటర్‌లో ఎవరు ఎప్పుడు దిద్దారో అంతా ఉంటుంది. దొరికితే మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మరు. పైగా వీసా మీద ఉన్న మనిషి మీరు.

అసలు ఆ అవసరమే లేదు. తేదీ రికార్డులో తప్పుగా పడినా, వేరే సాక్ష్యం చూసి స్పెషల్ మాస్టర్ (ఆ కోర్టులో ఈ కేసులు తేల్చే అధికారి) నిర్ణయించవచ్చు. ఆ రెండు రోజుల వాట్సాప్ తిరగేయండి. ‘సూది వేసిన చెయ్యి లేవట్లేదమ్మా’ అని ఇంటికి వాయిస్ మెసేజ్ పెట్టే ఉంటారు. దాన్ని మీ ఫోన్ నుంచే తీయండి, అమ్మగారి ఫోన్‌లో ఇండియా టైమ్ పడి తేదీ తారుమారవుతుంది. మీ ఆవిడ అఫిడవిట్, ఆఫీసుకు పెట్టిన సెలవు మెయిల్ జత చేయండి. ఫార్మసీ నుంచి టీకా రికార్డు తెప్పించి ఏ చేతికని రాశారో చూడండి. అదే రోజు కోవిడ్ టీకా కూడా వేయించుకుని ఉంటే ఏది ఏ చేతికో తేలాలి. కోవిడ్‌కు పథకం వేరు, గడువు ఏడాదే.

మీ గడువు 36 నెలలు. స్కాన్‌లో తేలిన రోజు నుంచి కాదు, మొదటి నొప్పి నుంచి. అంటే 2027 అక్టోబర్ 12 లోపు పిటిషన్ పడాలి, ఆఖరి వారం దాకా ఆగకండి. నొప్పికి పరిహారం 2.5 లక్షల డాలర్లు మించదు. వైద్యం ఖర్చు, పోయిన జీతం వేరు. కేసులో పస ఉంటే ఓడినా లాయర్ ఫీజు ఆ పథకమే ఇస్తుంది. పర్సెంటేజీ అడిగే లాయర్ ఎదురైతే లేచి వచ్చేయండి.