ఆ వేణువు పొయ్యిలోకి ఎందుకు వెళ్లింది?

ఉత్తరం: మాది జగిత్యాల దగ్గర పల్లె. నాకు 43 ఏళ్లు. గొల్ల కుటుంబం. చిన్నప్పుడు గొర్ల వెంట తిరుగుతూ మా నాయిన దగ్గర పిల్లనగ్రోవి నేర్చుకున్నాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ధూంధాం సభల్లో తెల్లవార్లూ వాయించాను. రాష్ట్రం వచ్చాక నాతోటి వాళ్లు కొందరికి కొలువులు దొరికాయి, నాకు దొరకలేదు. ఇప్పుడు ఒక జానపద బృందంతో తిరుగుతున్నాను. కరీంనగర్‌లో యూట్యూబ్ పాటల రికార్డింగులకు కూడా పిలుస్తారు. పాటకు 1,500 ఇస్తారు. నేను వాయించిన ఒక పాటను కోటి మందికి పైగా చూశారు, అందులో నా పేరు లేదు. రెండేళ్లుగా పిలుపులు తగ్గాయి. కీబోర్డులోనే వేణువు వస్తుంటే మనిషి ఎందుకంటున్నారు. మొన్న ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్లి 7,500 పెట్టి మూడు మంచి వేణువులు తెచ్చుకున్నాను. శ్రుతి నిలబడే వెదురు దొరకడం ఎంత కష్టమో వాయించేవాడికే తెలుసు. నా భార్య బీడీలు చుడుతుంది. ఆమె అన్న హైదరాబాద్‌లో నాకు అపార్టుమెంటు వాచ్‌మన్ పని చూశాడు. నెలకు 14,000, ఉండటానికి గది. నేను వద్దన్నాను. "గా కట్టె బువ్వ పెడ్తదా?" అంటూ నా నాలుగున్నర శ్రుతి వేణువును పొయ్యిలో పెట్టింది. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. ప్రోగ్రాం అయ్యాక అందరితో పాటు కొంచెం తీసుకుంటాను, అంతకుమించి అలవాట్లు లేవు. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. వాడి హాల్ టికెట్ అప్పుడు ఫీజు కోసం వాళ్లమ్మే సంఘంలో అప్పు తెచ్చింది. కూతురు ఏడో తరగతి. నేను లేనప్పుడు వేణువు తీసి ఊదుతుందట, తల్లి తిడుతుందట. నేను వేణువు వదిలేయాలా, ఇల్లు వదిలేయాలా?

జవాబు:

మీ ఉత్తరంలో వేణువులు కొన్న సంగతి మధ్యలో ఉంది. కొడుకు ఫీజు సంగతి చివర్లో ఉంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివాను. ఇంటర్ హాల్ టికెట్లు ఇచ్చేది కూడా ఫిబ్రవరిలోనే కదా. అంటే మీరు 7,500 పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కిన రోజుల్లోనే ఆమె పొదుపు సంఘంలో నలుగురి ముందు కూర్చుని అప్పు అడిగింది. మీరు ఈ రెండు సంగతులనూ కలిపి చూడలేదు. ఆమె చూసింది. వాచ్‌మన్ పని మీరు కాదన్నందుకే వేణువు పొయ్యిలోకి వెళ్లిందని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం అది ఫిబ్రవరి నుంచీ రగులుతున్న మంటలా కనిపిస్తోంది.

అలాగని ఆమె చేసింది సబబని అనను. చేతికి అలవాటైన వేణువు పోతే ఎంత బాధో ఊహించగలను. అయితే ఒక మాట అడుగుతాను. సంచీలో అన్ని వేణువులుండగా ఇంకా ఎందుకు కొంటారో ఆమెకు ఎప్పుడైనా చెప్పారా? వీణ తీగనైతే బిగించి శ్రుతి మార్చుకోవచ్చు. వెదురుకు ఒకసారి రంధ్రాలు పడ్డాక దాని శ్రుతి దానిదే. ఒక గాయని నాలుగున్నరలో పాడితే ఇంకొకాయన అయిదులో ఎత్తుకుంటాడు, ప్రతి శ్రుతికీ వేరే కట్టె ఉండాలి. మీకిది ఊపిరి పీల్చినంత మామూలు విషయం. ఆమె కంటికి అవన్నీ ఒకే రకం కట్టెలు. ఉన్నవి చాలవా, ఇంకా తెచ్చాడు అనుకుంటే తప్పెవరిది?

ఇంకో సంగతి కూడా నాకు తట్టింది. వెదురు గురించి, శ్రుతి గురించి, కీబోర్డు గురించి ఇష్టంగా రాశారు. ఆమె గురించి మాత్రం "బీడీలు చుడుతుంది" అని రెండే మాటలు. రోజుకు ఎన్ని చుడుతుందో మీకు తెలుసా? తునికాకు రాత్రే తడిపి పెట్టుకోవాలి, రేకు కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. చాట ఒళ్లోంచి దించకుండా, మెడ వంచిన మనిషి మెడ వంచినట్టే ఉంటుంది. మీ ఇంట్లో నెల నెలా వస్తుందని నమ్మకం ఉన్న డబ్బు అదొక్కటే. మీరు రాత్రి రెండింటికి వచ్చి తలుపు కొడితే లేచి తీసేదీ ఆమే.

మా మేనమామ ఒకాయన బుర్రకథ దళంలో వంతగా తిరిగేవాడు. ఊళ్లో దిగితే పిల్లలందరం చుట్టూ మూగేవాళ్లం, ఆయన నవ్విస్తే పొట్ట పట్టుకునేవాళ్లం. ఆయన పోయాక మా అత్తమ్మ ఒకసారి నాతో అంది, "మీ మామ నవ్వంతా ఊళ్లకే పంచి వచ్చేవాడే, ఇంటికొచ్చేసరికి నోరు పెగిలేది కాదు" అని. మీరూ అలాంటి మనిషేనని అనడం లేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆవిడ గుర్తొచ్చింది, అంతే.

మాటలు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే ఇప్పుడు ముఖ్యం. రాత్రి ప్రోగ్రాం నుంచి వచ్చాక వద్దు. పగలు ఆమె చాట ముందు పెట్టుకున్నప్పుడు ఎదురుగా కూర్చుని, చేతనైతే ఆకు కత్తిరిస్తూ, ఫిబ్రవరి సంగతి మీరే ఎత్తండి. "ఫీజు ఉందని తెలిసి కూడా వేణువులు కొన్నాను, తప్పు చేశాను" అని చెప్పి అక్కడితో ఆపేయండి. కాల్చిన వేణువు ఊసు ఆ రోజు ఎత్తొద్దు. "మరి నువ్వు మాత్రం" అన్న మాట నోట్లోంచి వచ్చిందా, మీరు అడిగిన క్షమాపణ నీళ్లపాలైనట్టే. ఆమె వెంటనే కరిగిపోకపోవచ్చు, పాతవన్నీ తవ్వి పోయొచ్చు. పోయనివ్వండి.

తర్వాత ఒక నోటు పుస్తకం కొనండి. పోయిన ఏడాది అంతా గుర్తు తెచ్చుకుని ఇద్దరూ కలిసి రాయండి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర రోజుల్లో ఎంత వచ్చింది, ఆషాఢంలో బోనాలకు ఎంత, బతుకమ్మ తొమ్మిది రోజులకు ఎంత, పెళ్లిళ్లకు ఎంత, రికార్డింగులకు ఎంత. మూఢం వచ్చి ముహూర్తాలు లేని నెలల్లో చేతికి ఏమీ రాకపోతే సున్నా అనే రాయండి. పక్కన పెట్రోలు, తిండి, తాగుడు ఖర్చులు కూడా. వేణువుల 7,500 అంటే అయిదు పాటల కూలి అని ఆమె మీ పక్కన కూర్చుని చూడాలి. ఇక ముందు ఏ ప్రోగ్రాం డబ్బయినా తెల్లారేసరికి ఆమె చేతికి చేరాలి. కొత్త వేణువు కొనాలనుకుంటే అది కూడా ఆ పుస్తకం తెరిచి ఇద్దరూ అనుకున్నాకే. దీంతో కళ చిన్నబోతుందని అనుకోకండి, కిరాణా కొట్టువాడు కూడా సరుకు తెచ్చేముందు ఇంట్లో అడుగుతాడు.

"కొంచెం తీసుకుంటాను" అన్న మాట దగ్గర నేను ఆగాను. నెలకు పది ప్రోగ్రాములుంటే పది రాత్రులు తాగుతున్నట్టే. పైగా వేణువు పెదవి మీద, ఊపిరి మీద నిలబడే వాద్యం. రాత్రి తాగి నోరెండిపోయినవాడు మర్నాడు పొద్దున రికార్డింగులో పై స్థాయి స్వరాలు అందుకోలేక తిప్పలు పడతాడు. పిలుపులు తగ్గడంలో కీబోర్డు పాత్ర ఎంత, దీని పాత్ర ఎంత అన్నది బృందం నాయకుడిని ఒంటరిగా కలిసి అడగండి, మొహమాటం లేకుండా చెప్పమనండి. ఒక నెల పూర్తిగా మానేసి చూడండి. మానడం కష్టమనిపిస్తే 14446 ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, ఫోన్ చేసి మాట్లాడటానికి సిగ్గుపడొద్దు.

ఇక వాచ్‌మన్ పని. ఆ మాట అన్నందుకే మిమ్మల్ని అవమానించారని అనుకుంటున్నట్టున్నారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ లెక్క మాత్రం చూసుకోవాలి. హైదరాబాద్‌లో చాలాచోట్ల భార్యాభర్తలిద్దరూ ఉంటేనే గది ఇస్తారు. మెట్లు ఊడవడం, నీళ్ల మోటారు, పార్కింగు అన్నీ ఆ జీతంలోనే కలిపేస్తారు. అప్పుడు ఆమె బీడీల పని పోతుంది, పీఎఫ్ ఉంటే అదీ ఆగుతుంది, పాప బడి మారాలి. ఇవన్నీ తీసేస్తే 14,000లో మిగిలేదెంత? ఈ లెక్క ఆమెతో కలిసి వేయండి. ఆమెకు కావలసింది హైదరాబాదేనా, లేక ఒకటో తారీకున చేతికొచ్చే నికరమైన డబ్బా? నాకు రెండోదే అనిపిస్తోంది.

అలాంటి డబ్బు జగిత్యాల చుట్టుపక్కల కూడా దొరకొచ్చు. మల్లన్న జాతర ఉగాదితో ముగుస్తుంది, ఆ వెంటనే చల్గల్ మామిడి మార్కెట్‌లో పని మొదలవుతుంది. తర్వాత ధాన్యం కొనుగోళ్లు, రైస్ మిల్లులు. పగలు పని, పిలుపు వస్తే రాత్రి వేణువు. అలసిపోతారు, నిజమే. మీరిద్దరూ కనీసం ఏడాదైనా ఇలా చేసి చూడమంటాను. హరిప్రసాద్ చౌరాసియా కుస్తీ పట్టే తండ్రికి తెలియకుండా సంగీతం నేర్చుకున్న కథ అందరూ చెబుతారు. ఆయన మొదట స్టెనోగ్రాఫర్‌గా పనిచేశారని, 1957లో కటక్ ఆకాశవాణిలో కొలువులో చేరారని అంత ఇష్టంగా చెప్పరు. నెల జీతం ఆయన వేణువుకు అడ్డం రాలేదు.

కీబోర్డు మీద కోపం పెట్టుకుని లాభం లేదు, అది ఇక పోదు. కాకపోతే పాటకు ముందు తాళం లేకుండా గాయని సాకీ ఎత్తుకున్నప్పుడు, ఆమె ఊపిరిని బట్టి ఆగుతూ, జారుతూ వెంట నడవడం మీటలు నొక్కేవాడికి అంత సులువు కాదు. పాటంతా నేనే వాయిస్తానని అడిగే బదులు సాకీ, చరణాల మధ్య రెండు బిట్లు నాకివ్వండి అని అడిగి చూడండి. రికార్డింగుకు వెళ్లేముందు కూలి ఎంతో, పాట కింద మీ పేరు వేస్తారో లేదో వాట్సాప్‌లో రాయించుకోండి. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ వాద్యకారుడికీ హక్కులిచ్చింది. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ అడగొచ్చు, వాయించింది నేనే అని చెప్పించుకోవచ్చు. ఆ కోటి మంది చూసిన పాట కోసం ఇప్పుడు కోర్టుకెక్కమని మాత్రం చెప్పను, మీ ఓపిక, డబ్బు రెండూ అక్కడే అయిపోతాయి. ముందు పేరు చేర్చమని మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. ఆకాశవాణి జానపద విభాగంలో ఆడిషన్‌కు కూడా దరఖాస్తు చేయండి. గ్రేడు వస్తే కార్యక్రమాలు ఏడాదికి కొన్నే రావచ్చు, కానీ చేతిలో ఒక కాగితం ఉంటుంది. బడుల్లో పిల్లలకు నేర్పుతానని వెళ్లినప్పుడు ఆ కాగితం అక్కరకొస్తుంది.

డబ్బుకు సంబంధించి చేయగలిగినవి ఇంకా కొన్ని ఉన్నాయి. బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఇస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, తల్లికి బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉండాలి. ఇద్దరు పిల్లలకూ అడగండి. ఇన్నాళ్లూ మీ కళ గుర్తింపు కోసం తిరిగారు, ఈసారి ఆమె పని గుర్తింపు కోసం మీరు తిరగండి. అర్ధరాత్రి బండి మీద ఇంటికొచ్చే మనిషి కాబట్టి బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టండి, ప్రమాదంలో మీకేమైనా అయితే ఇంటికి 2 లక్షలు వస్తాయి. ఈ-శ్రమ్ కార్డు కూడా తీసుకోండి, అసంఘటిత కార్మికుల్లో 16 నుంచి 59 ఏళ్ల వాళ్లందరికీ ఇస్తారు.

పాప గురించి చివర్లో ఒక్క వాక్యం రాశారు. ఉత్తరం మొత్తంలో మీ ముఖం కాస్త విప్పారింది అక్కడేననిపించింది. తల్లి తిడుతోందంటే వేణువు మీద పగతో అనుకోకండి. కూతురు కూడా ఇలా లెక్క తెలియని బతుకులో పడుతుందేమోనన్న భయం ఉండొచ్చు. పాపను మీ పార్టీలోకి లాక్కుని తల్లి మీదకు ఉసిగొల్పొద్దు. చాటుగా నేర్పడం అసలే వద్దు. మీ సంచీలో పొట్టి వేణువు ఉంటే పాప వేళ్లకు అందేది అదే. దాన్ని పక్కన పెట్టి ఉంచండి, ఎప్పుడు ఇవ్వాలో వాళ్లమ్మనే అడగండి. చదువు అయ్యాక సాయంత్రం అరగంట అంటుందేమో, పరీక్షలయ్యేదాకా వద్దంటుందేమో. ఏమన్నా ఒప్పుకోండి.

వేణువు వదలాలా, ఇల్లు వదలాలా అని అడిగారు. ఈ రెంటిలో ఏదీ ఇప్పుడు తేల్చకండి. ముందు సంఘం అప్పు ఎంత మిగిలిందో కనుక్కోండి. రాబోయే ప్రోగ్రాం డబ్బుతో ఒక వాయిదా మీరే వెళ్లి కట్టండి. ఆ రసీదు తెచ్చి ఆమె చాటలో, కత్తెర పక్కన పెట్టండి.