పెళ్లయితే మారతానా? ఓ జవాను ప్రశ్న

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, మాది శ్రీకాకుళం జిల్లా. ఆర్మీలో చేరి తొమ్మిదేళ్లయింది, ఇప్పుడు నాయక్‌ని. ఆడపిల్లల మీద నాకెప్పుడూ ఇష్టం కలగలేదు. నేను గే అని చాలాకాలంగా తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఈసారి సెలవుకి రాగానే మేనత్త కూతురితో పెళ్లి చేసేయాలని అమ్మ పట్టుబట్టింది. పెళ్లయితే మారతానా? యూనిట్‌లో తెలిస్తే ఉద్యోగం పోతుందా? రాత్రి గార్డు డ్యూటీలో ఒక్కోసారి పాడు ఆలోచనలు వస్తున్నాయి.

జవాబు: మీరు చివర్లో రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. రైఫిల్ చేతిలో ఉండగా వచ్చే ఆలోచనల్ని "ఒక్కోసారే కదా" అని వదిలేయకండి. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, ఇంటి దగ్గర టెన్షన్‌గా ఉంది, కొన్నాళ్లు నైట్ గార్డు నుంచి తప్పించండి సాబ్ అని మీ పైన ఉండే జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్)నో, యూనిట్ డాక్టర్నో అడగండి. అందులో అబద్ధం లేదు, టెన్షన్ ఎందుకో విడమరిచి చెప్పాల్సిన పనీ లేదు. పెళ్లి గొడవలు, పొలం తగాదాలు లేని బ్యారక్ ఉంటుందా? 14416కి చేస్తే ఏ వేళైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్. మీ యూనిట్ పేరు అక్కడ చెప్పక్కర్లేదు. ఈ పని మాత్రం ఈ రోజే చేయండి, మిగతావన్నీ ఆగుతాయి.

ఇక పెళ్లి. మారరు. గే కావడం జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మారుస్తామని వైద్యం చేయడం తప్పుడు ప్రవర్తన కింద లెక్క అని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల వైద్య మండళ్లకి చెప్పింది. కాబట్టి ఎవరైనా మందులిస్తాం, కౌన్సెలింగ్‌తో సరిచేస్తాం అంటే డబ్బు పోగొట్టుకోకండి.

మీ ఉత్తరంలో మీ గురించి ఉంది, అమ్మ గురించి ఉంది, ఆ అమ్మాయి గురించి ఒక్క ముక్క లేదు. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన పిల్ల. మీరు ఏడాదికి రెండు మూడు నెలలు ఇంట్లో ఉంటారు, ఆ కాసిన్నాళ్లూ పక్కకి తిరిగి పడుకుంటే తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. మీరు బండెక్కాక "ఏమే, విశేషమేమైనా ఉందా" అని అడిగేది ఆమెనే. రెండేళ్లు పోతే విశాఖలో ఆస్పత్రుల చుట్టూ తిప్పేదీ ఆమెనే. మీ అమ్మా మేనత్తా ఒకరికొకరు వదినామరదళ్లు కాబట్టి రెండిళ్లూ కలిసి చెడతాయి. మేనరికం మంచిది కాదు, పిల్లలకి జబ్బులొస్తాయి అని అడ్డం పెడదామని మీకు అనిపించవచ్చు, నెల తిరక్కుండా పాలకొండ నుంచో టెక్కలి నుంచో బయటి సంబంధం తెస్తారు. అసలు పెళ్లే వద్దు అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు మీ నోటి నుంచే రావాలి.

ఉద్యోగం సంగతి కాస్త చిక్కే. 2018 సెప్టెంబర్ 6న గే సంబంధాల్ని నేరమన్న 377 సెక్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది కదా, ఇంకేం భయం అంటారు చాలామంది. పెద్దవాళ్లు ఇద్దరూ ఇష్టపడితే నేరం కాదన్నది మామూలు పౌరుల మాట. సైనికుల ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించవచ్చని రాజ్యాంగం 33వ అధికరణంలోనే ఉంది. 1950 నాటి ఆర్మీ చట్టం 46వ సెక్షన్‌లో "అసహజమైన" నీచ ప్రవర్తనకి ఏడేళ్ల దాకా శిక్ష ఇప్పటికీ ఉంది. తీర్పొచ్చిన కొన్ని నెలలకే, 2019 జనవరిలో, అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ సైన్యంలో దీన్ని ఒప్పుకునేది లేదని ప్రెస్‌మీట్‌లోనే చెప్పేశారు. (ఈ చట్టాల పద్ధతంతా మనకి నేర్పిన బ్రిటన్ మాత్రం 2000లోనే తన సైన్యంలో నిషేధం ఎత్తేసింది.) మేజర్ జె. సురేశ్ అనే అధికారి ఉద్యోగం వదిలిన చాలా ఏళ్లకి, 2020లో, తాను గే అని బయటికి చెప్పారు. ఆ కథ ఆధారంగా రాసుకున్న సినిమా స్క్రిప్టుకి రక్షణ శాఖ 2022లో అనుమతి ఇవ్వలేదు.

ఆ సెక్షన్ శిక్ష వేసేది ప్రవర్తనకి. మీ మనసులో ఎవరి మీద ఇష్టం ఉందన్నది అందులో నేరం కాదు. అయినా ఇప్పుడున్న పరిస్థితిలో యూనిట్ కమాండర్ సీవో సాబ్ మంచివాడు కదా అని ఆయన దగ్గర మనసు విప్పమని నేను చెప్పను. దాచుకోవడం పిరికితనమని ఎవరైనా అంటే అననివ్వండి, వాళ్ల జీతం పోదు. యూనిట్‌లో ఎవరితోనూ సంబంధం పెట్టుకోవద్దు, మీకంటే కింది ర్యాంకు వాళ్లతో అసలే వద్దు. డేటింగ్ యాప్‌ల జోలికీ పోకండి. 2020లో ఆర్మీ ఫోన్లలోంచి తీసేయమన్న 89 యాప్‌లలో టిండర్ లాంటివీ ఉన్నాయి. పైగా ఫొటోలు పట్టుకుని డబ్బు గుంజేవాళ్లకి, యూనిట్ ఎక్కడ కదులుతోందని కూపీ లాగేవాళ్లకి మీలాంటి ఒంటరి జవానే కావాలి. అలాంటివాడు ఎవడైనా తగులుకుంటే డబ్బు కట్టకుండా, మెసేజ్‌లు చెరిపేయకుండా ముందు లాయర్‌తో మాట్లాడండి.

కంగారుపడి రాజీనామా రాసేయకండి. పదిహేనేళ్లు నిండితే పెన్షన్ వస్తుంది, మీకింకా ఆరేళ్లుంది. ఆ తర్వాత ఉండాలా, బయటికొచ్చి హైదరాబాదులోనో ఇంకోచోటో మీ బతుకు మీరు బతకాలా అన్నది తీరిగ్గా తేల్చుకోవచ్చు.

అమ్మకి ఫోన్‌లో చెప్పకండి. ఆవిడ ఏడుపు వింటూ మీరక్కడ, మీకేమైపోతుందోనని ఆవిడిక్కడ, అది ఇద్దరికీ మంచిది కాదు. ఇప్పటికి "ముహూర్తం పెట్టించొద్దు, నేను వచ్చాక మాట్లాడదాం" అన్నంతవరకే చెప్పండి, గట్టిగా. ఇంట్లో నోరు జారని మనిషి ఒకరుంటారు, అక్కో, చిన్నాన్నో. సెలవు మొదటి వారంలోనే వాళ్లకి ఎదురుగా కూర్చుని చెప్పండి, వాళ్లు తేరుకోవడానికి ఓ రెండ్రోజులు ఇవ్వండి, అప్పుడు వాళ్లని పక్కన పెట్టుకుని అమ్మతో మాట్లాడండి. మేనత్తగారింటికి మాత్రం "అబ్బాయికి ఇప్పుడు పెళ్లి ఉద్దేశం లేదు, మీరు వేరే సంబంధం చూసుకోండి" అన్న కబురు వెంటనే వెళ్లాలి. మీకోసం ఆ పిల్లకి వచ్చే సంబంధాలు వెనక్కి పంపేస్తూ ఉంటారు.